పింఛను నంబరు నా ఫోనుకే

నా కోడలు నీలిమ వంటింట్లోంచి కదల్లేదు. బెల్లు మళ్లీ మోగింది. నేనే వెళ్లి తలుపు తీశాను.

నా కొడుకు గోపాలరావు గడప అవతల తడిసి ముద్దయి నిలబడి ఉన్నాడు. టాలట్‌లో తన గది నుంచి బాలింకాలిగ్‌లో ఈ ఇంటి దాకా అంత దూరం కారులో వచ్చినవాడు, కారు దగ్గర నుంచి తలుపు దాకా నడిచి తడిశాడు. ఈ దేశపు వాన పడుతున్నట్టే ఉండదు. మనిషి మాత్రం పిండితే నీళ్లు కారేలా అయిపోతాడు.

"ఏట్రా, టోపీ అయినా పెట్టుకోలేదు?" అన్నాను.

"నీ ఫోనేదమ్మా?" అన్నాడు.

ఎలా ఉన్నావని కాదు, తిన్నావా అని కాదు.

"లోపలికి రా ముందు. తల తుడుసుకో."

"తుడుసుకుంటానులే. ఫోనేదీ?"

ఫోను నా బొడ్డు సంచిలో ఉంది. ఒకప్పుడు ఆ సంచిలో వక్కలూ చిల్లరా ఉండేవి. ఇప్పుడు బీపీ మాత్రలూ, ఈ ఫోనూ ఉంటున్నాయి. నేను సంచి మీద చెయ్యి వేసుకున్నాను. వాడు చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

నిన్న సాయంత్రం వాడు ఫోను చేసి, "రేపొద్దున్న నీ ఫోనుకి నంబరొస్తాది, నాకు సెప్పు" అన్నప్పుడు నేను సరేననలేదు, కాదనలేదు. పెట్టేశాను. వాడు మాట్లాడుతుండగా నేను ఫోను పెట్టేయడం అదే మొదలు. అందుకే తెల్లారగానే బయలుదేరి వచ్చేశాడు.

వాడు నేవీలో ఇంజను గదిలో పనిచేసి పింఛనుతో బయటికి వచ్చిన మనిషి. నీలిమ ముందు చదువుకోవడానికి ఇక్కడికి వచ్చి, కార్క్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో లేబొరేటరీ ఉద్యోగం సంపాదించాక, వాడూ, నా మనవరాలు సాహిత్యా వచ్చారు. ఇండియా వదిలేటప్పుడు రీఛార్జి లేక తన సిమ్ము చచ్చిపోతుందని, పింఛను వాళ్ల దగ్గర నా ఫోను నంబరు రాయించాడు. అప్పటి నుంచి పింఛను తాలూకు ఏ పని చెయ్యాలన్నా ముందు నా ఫోనుకి అంకెలు వస్తాయి. అవి నేను చదివి చెబితేనే వాడి పని జరుగుతుంది.

నాకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. అంకెలు మాత్రం బాగా వచ్చు. "అమ్మా, నంబరొచ్చిందా?" అని వాడు మా ఊరికి ఫోను చేసేవాడు. చెప్పేదాన్ని. చెప్పాక కాసేపు ఏం వండావు, మోకాలు ఎలా ఉంది అని అడిగేవాడు. ఆ కాసేపటి కోసమే నేను ఫోనుని ఎప్పుడూ ఛార్జింగులో పెట్టి ఉంచేదాన్ని.

మొగుడూ పెళ్లాలు విడిపోయి, వాడు టాలట్‌లో గది తీసుకుని వెళ్లిపోయినప్పుడు కుర్చీలు ఎవరివో, కారు ఎవరిదో, పిల్ల ఏ రోజు ఎవరి దగ్గరో అన్నీ మాట్లాడుకున్నారు. ఈ నంబరు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు గుర్తొచ్చింది.

పింఛను ఇన్నాళ్లూ ఇద్దరి పేరునా ఉన్న ఖాతాలో పడుతోంది. అందులో సగం నీలిమ తీసుకుంటోంది. దాంతోనే ఈ ఇంటి అద్దె నిలబడుతోంది. ఇక్కడ అద్దెలు మనుషుల్ని మింగేస్తాయి. ఆ సగం ఆగిపోతే నీలిమ ఈ ఇల్లు ఖాళీ చేసి, ఎవరింట్లోనో ఒక గదిలో పిల్లతో సర్దుకోవాలి. వాడు తన ఒక్కడి పేరునా ఖాతా తెరిచాడు. పింఛను అందులోకి మళ్లించాలంటే నా ఫోనులో అంకెలు కావాలి.

ఇక్కడ వకీలుని సొలిసిటర్ అంటారు. నీలిమ సొలిసిటర్ ఒక ఆడమనిషి. ఆవిడ చెప్పిందట: "ఈ దేశపు పింఛనైతే కోర్టు కోసి పంచగలదు. అక్కడి పింఛను ఆఫీసు ఈ కోర్టు మాట వినదు. ఒకసారి మీ చెయ్యి దాటిందంటే మేం చెయ్యగలిగింది తక్కువ. అందుకని విడాకుల కేసు తేలేదాకా ఎక్కడిదక్కడే ఉండేలా చూసుకోండి" అని.

అందుకని నీలిమ నాతో, "ఎవరడిగినా నంబరు చెప్పకండి అత్తయ్యా" అంది. ఎవరడుగుతారు నన్ను? అడిగేవాడు ఒక్కడే.

వాడు నా వెనకే వంటింట్లోకి వచ్చాడు. నీలిమ మిక్సీలో అల్లం ముక్కలు వేస్తోంది. తలెత్తలేదు.

"మీరు శనివారం మధ్యాహ్నం రావాలి. పొద్దున్న కాదు. అలాగే కదా రాసుకున్నాం," అంది.

"నానొచ్చింది నీ కోసం కాదు. మా అమ్మ కోసం."

"మీ అమ్మ కోసమా, ఆవిడ ఫోను కోసమా?"

"సూడు నీలిమా—"

నీలిమ మిక్సీ వేసింది. వాడు నోరు కదుపుతున్నాడు. ఏం వినబడలేదు. మిక్సీ ఆగింది.

"ఆ పింఛను నేవీ నాకిచ్చింది. నాకు. నీకు ఇక్కడ నీ కంపెనీ పింఛను కడతంది కదా, నానెప్పుడైనా అడిగేనా?"

"అడగండి. సొలిసిటర్ అదీ రాసింది. నావీ మీవీ అన్నీ ఒక చోట పెట్టి పంచమనే కదా నేనంటున్నది. దాచుకుంటున్నది ఎవరు?"

"దాసుకోడమేటి? నాది నాను తీసుకుంటే దాసుకోడమా?"

మళ్లీ మిక్సీ. ఈసారి చింతపండు వేసింది. అవసరం ఉన్నంతకన్నా ఎక్కువసేపు తిప్పింది. ఆగగానే వాడు అరిచాడు.

"ఇంజను గదిలో నువ్వున్నావా? ఆ వేడిలో, ఆ రొదలో నువ్వున్నావా? ఎడం సెవి పోయింది నాకు. ఆ సెవికి కూడా కలిపే ఇస్తన్నారు పింఛను. సగం సెవి కోసిమ్మంటావేటి నీకు?"

"చెవి ఉంచుకోండి. అదెప్పుడూ నా మాట వినలేదు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. వాడికీ పెదవి చివర కదిలింది. పెళ్లయిన కొత్తలో నీలిమ ఇలాగే అనేది, వాడు ఇలాగే నవ్వేవాడు. నవ్వితే అయిపోయేది. ఇప్పుడు నవ్వలేదు. పెదవి బిగించేశాడు.

"మాటలకేం తక్కువ లేదు నీకు," అన్నాడు.

"తక్కువైనవి వేరే ఉన్నాయి. చెప్పమంటారా? కార్వార్‌లో నేవీ క్వార్టర్ వచ్చింది, వారంలో రాకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారు అని ఫోను చేసిందెవరు? నాకు డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ బడిలో పిల్లల పేర్లు కూడా ఇంకా నోటికి రాలేదు. వదిలేసి వచ్చాను. ఆ ఉద్యోగం ఉంచుకుని ఉంటే ఈరోజు మీ పింఛను నాకెందుకు?"

"నాను వదలమన్నానా?"

"రమ్మన్నారు. రమ్మంటే వదలమన్నట్టు కాదా?"

వాడు తడిసిన చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

నాకు ఆ రోజులన్నీ నిన్నటిలా ఉన్నాయి. నీలిమ ఆ ఊరు వదిలే రోజున బడి పిల్లలు బస్సు దాకా వచ్చి, ఆమె పెట్టె మోస్తామని కొట్టుకున్నారు. కార్వార్‌లో దానికి నెలలు నిండినప్పుడు తోడుగా వెళ్లింది నేనే. ఆకాశం చిల్లుపడినట్టు వాన. షిప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పరు. షిప్పు వస్తోందని అందరికంటే ముందు క్వార్టర్లలో బట్టలు తీసుకెళ్లే దోబీకి తెలిసేది. పాపం ఆడవాళ్లందరూ వాడి మొహం చూసేవారు. నీలిమకి నొప్పులొచ్చిన రోజు కూడా దోబీని అడిగింది, "భయ్యా, ఏమైనా తెలిసిందా?" అని. వాడు తల అడ్డంగా ఊపాడు. పక్క క్వార్టర్‌లోని మలయాళీ పిల్ల స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్లింది. సాహిత్య పుట్టింది. గోపాలం వచ్చేసరికి పిల్ల బోర్లా పడుతోంది.

అలాగని వాడు సుఖపడ్డాడని కాదు. సెలవు మీద వచ్చినప్పుడు నిద్రలో చెవి మూసుకుని లేచి కూచునేవాడు. ఇంట్లో ఫ్యాను తిరిగినా ఇంజననుకునేవాడు. ఇద్దరి కష్టమూ నేను చూశాను. చూడడం తప్ప ఏం చెయ్యగలిగాను?

"అమ్మా," అన్నాడు గోపాలం, నా వైపు తిరిగి. "నీలిమ నీకు ఇమానం టిక్కెట్టు ఎందుకు పంపిందో తెలుసా?"

"నన్ను సూడాలని పంపింది."

"నిన్ను సూడాలని కాదు. నీ ఫోను తన కళ్ల ముందుంటే నా పని జరగదని."

నీలిమ మిక్సీ గిన్నె మూత తీయబోయి ఆగిపోయింది.

నేను వచ్చినప్పుడు విమానాశ్రయానికి అదే వచ్చింది. నా కోసం వేడి నీళ్ల సంచీ, ఊలు మేజోళ్లూ కొని పెట్టింది. పక్క గదిలో దానికి నిద్ర పట్టకపోయినా కిటికీ ఉన్న తన గది నాకు ఇచ్చింది. వచ్చిన మర్నాడే, "ఫోను జాగ్రత్త అత్తయ్యా" అంది. నేను ముసలిదాన్ని, ఎక్కడైనా పారేసుకుంటానని అనుకుంటోందనుకున్నాను.

"అవునా నీలిమా?" అన్నాను.

అది గిన్నె కింద పెట్టి నా వైపు తిరిగింది. అబద్ధం చెప్పడం దానికి రాదు. వస్తే దాని కాపురం ఎలా ఉండేదో.

"రెండూ అత్తయ్యా," అంది. "మీరు రావాలనీ ఉంది. ఫోను ఆయన చేతికి పోకూడదనీ ఉంది. ఏది ముందని మాత్రం అడక్కండి. నాకూ తెలీదు."

"సూసేవా," అన్నాడు గోపాలం.

"ఏటి సూసేది? నీ పెళ్లాం నిజం సెప్పింది. నువ్వు సెప్పు. ఇంత వానలో నన్ను సూడాలని వచ్చేవా?"

వాడు కుర్చీ లాక్కుని కూచున్నాడు. తల మీంచి నీళ్లు బల్ల మీద పడుతున్నాయి. నేను నా కొంగుతో తుడవబోతే తల పక్కకి తీశాడు.

అప్పుడే సాహిత్య మెట్లు దిగి వచ్చింది. ఆట బట్టల్లో ఉంది, చేతిలో పొడుగాటి కర్ర. ఇక్కడి ఆడపిల్లలు ఆ కర్రతో బంతి కొట్టే ఆటేదో ఆడతారు. తండ్రిని చూసి ఆగింది.

"మేచ్ ఉందా? నాను దింపుతాను రా," అన్నాడు వాడు లేస్తూ.

"ఐమ్ గ్రాండ్, డాడ్. ఈఫా వాళ్ల మమ్ వస్తోంది."

"ఏమైనా తిన్నావే?" అన్నాను.

"ఐమ్ గ్రాండ్, నానమ్మా." ఫర్వాలేదు అనడానికి ఇక్కడివాళ్ల మాట అది, దానికి అన్నిటికీ గ్రాండే. బూట్లు వేసుకుని తలుపు దగ్గర ఆగి, తండ్రి మొహం చూడకుండా అంది, "లీవ్ హర్ అలోన్, డాడ్. ప్లీజ్."

తలుపు వేసుకుని వెళ్లిపోయింది. నాకు ఇంగ్లీషు రాకపోయినా ఆ మాట అర్థమైంది. వాడికీ అయింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి, వినబడే చెవీ, వినబడనిదీ.

మళ్లీ కూచున్నాడు. తర్వాత తన ఫోను తీసి ఏదో నొక్కాడు. నా బొడ్డు సంచిలో టింగుమంది.

"వచ్చిందమ్మా. సెప్పు."

నేను ఫోను బయటికి తీశాను. అంకెలు కనిపిస్తున్నాయి. ఎన్నోసార్లు చెప్పినవాటిలాంటివే. నీలిమ సింకు దగ్గరికి వెళ్లి కొళాయి తిప్పింది. బియ్యం కడగడం మొదలుపెట్టింది.

"సెప్పమ్మా. కాసేపే ఉంటాదది."

నీలిమ వద్దంటే బాగుండేది. అత్తయ్యా వద్దు అని ఒక్క మాట అంటే నేను చెప్పేదాన్ని కాదు. ముందే చెప్పాను కదా, ఇంకెన్నిసార్లు చెప్పాలి అనుకుందో ఏమో, అది వెనక్కి తిరగలేదు. నీళ్లు పోస్తోంది, వంపుతోంది.

నేను నోరు విప్పలేదు. అంకెల గడువు అయిపోయింది.

"అయిపోయింది," అన్నాడు వాడు. గొంతు కరుకుగా లేదు. అలసిపోయి ఉంది. "అమ్మా, నువ్వు సెప్పకపోతే ఏటవుద్దో తెలుసా? నాను సెలవు పెట్టి ఇండియా ఎల్తాను. ఆఫీసులో కూచుని మార్పించుకుంటాను. నీ ఫోనూ అక్కర్లేదు, ఎవరి ఫోనూ అక్కర్లేదు. అప్పుడు ఒక్క పైసా ఇవ్వను."

"ఇప్పుడు ఇస్తావేటి?"

వాడు ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

నా బీపీ మాత్రలూ, కంటి ఆపరేషనూ అన్నీ వాడి నేవీ ఆసుపత్రి కార్డు మీదే. ఆ మాట వాడు అనలేదు. అననందుకు నాకు ఇంకా బెంగ పుట్టింది. అనేవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. తినేది కోడలి ఇంట్లో, వేసుకునేది కొడుకు మందులు. ఎవరివైపు మాట్లాడినా రెండోవాళ్ల ఉప్పు గుర్తొస్తుంది.

"ఒరే గోపాలం. సగం ఇస్తావేట్రా దానికి? నెల నెలా, అది అడక్కుండా?"

వాడు తల దించుకున్నాడు. గోళ్లు చూసుకున్నాడు.

"కోర్టు ఇమ్మంటే ఇవ్వను," అన్నాడు. "నన్ను దొంగలాగ నిలబెట్టి, నీకేటుంది నీకేటుంది అని అడిగితే ఇవ్వను. నువ్వు సెప్పు, ఇస్తాను."

"నాను సెప్తన్నాను."

"అయితే ఇస్తాను."

"ఒట్టెయ్."

నీలిమ చేతిలో బియ్యం గిన్నె ఆగిపోయింది.

వాడి ఒట్టు మీద నాకెందుకంత నమ్మకమో చెబుతాను. మా ఊరికి సముద్రం దగ్గర. మా తమ్ముడు సరదాగా ఎవరి పడవో ఎక్కి వెళ్లి తిరిగి రాలేదు. అప్పుడు గోపాలం చిన్నవాడు. వాడి చేత నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాను, ఎప్పుడూ సముద్రం మీద పడవెక్కనని. తోటి పిల్లలు వెక్కిరించినా, పిరికోడని పాట కట్టినా వాడు ఎక్కలేదు. గట్టు మీద కూచుని చూసేవాడు. తర్వాత నేవీలో ఉద్యోగం వచ్చిందని కబురొస్తే ఊరంతా సంబరపడింది, వాళ్ల నాన్న శేషయ్య పూనకం వచ్చినట్టు అందరికీ మిఠాయిలు పంచాడు. వీడు మాత్రం నా దగ్గరకొచ్చి, "అమ్మా, నువ్వు ఒట్టు తీసేస్తేనే ఎల్తాను" అన్నాడు. నిజంగానే వెళ్లేవాడు కాదు. రెండు రోజులు కుమిలిపోయి, ఆఖరికి నేనే తీసేశాను.

అలాంటి పిల్లాడు వాడు. ఈ కోర్టులకీ సొలిసిటర్లకీ అదేం తెలుసు?

వాడు లేచి వచ్చాడు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. నా నెత్తి మీద పెట్టాడు. చల్లగా, బరువుగా ఉంది. చిన్నప్పుడు పెట్టిన చెయ్యి పిచ్చుక వాలినట్టుండేది.

"నానున్నంతకాలం, పడిన పింఛనులో సగం నీలిమకి పంపుతాను. అమ్మ మీదొట్టు."

నేను నీలిమ వైపు చూశాను. దాని వీపు కనిపిస్తోంది. కొళాయి కట్టేసింది. తిరగలేదు. వద్దనలేదు. సరేననీ అనలేదు. నేను సరేననే అనుకున్నాను. ఇష్టం లేకపోతే ఊరుకునే మనిషా అది, ఇందాక చెవి సంగతి వచ్చినప్పుడు ఎలా అందించింది మాట!

"మళ్లీ నొక్కు," అన్నాను.

నొక్కాడు. టింగుమంది. నేను కళ్లజోడు సర్దుకుని చదివాను. "ఏడు... రెండు... సున్నా..." వాడు ఒక్కొక్కటే లావాటి వేలితో కొట్టుకున్నాడు. చివరి అంకె కూడా చెప్పాను.

"అయిపోయిందమ్మా," అన్నాడు. ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంక నీకే గొడవా ఉండదు. అందులోనే నీ నంబరు కూడా తీయించి, ఇక్కడి నా నంబరు పెట్టమన్నాను. ఇంక నిన్నెవరూ నంబరు అడగరు."

నేను తల ఊపాను. మంచిదే కదా. మంచిదే. ఫోను సంచిలో పెట్టుకున్నాను. ఇదివరకటి కంటే తేలిగ్గా అనిపించింది, అది బాగుందో లేదో తెలియలేదు.

"అన్నం తినేవేట్రా?" అన్నాను.

"పొద్దున్నే బయలుదేరేను. ఏం తినలేదు."

నీలిమ స్టవ్ వెలిగించి పెనం పెట్టింది. పెసరట్టు వేసింది. అల్లం పచ్చడితో కంచం వాడి ముందు పెట్టింది. ఏం ఆలోచించి పెట్టిందో తెలీదు, చేతులకి అలవాటైపోయిన పని అంతే. వాడు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, "కారం సరిపోయింది," అన్నాడు. ఆమెతో కాదు, కంచంతో అన్నట్టు.

నాకు కళ్లు చెమర్చాయి. చూడండి, కోర్టు చెయ్యలేని పని. సొలిసిటర్లకి గంటకింతని పోసి వీళ్లిద్దరూ తేల్చుకోలేనిది, ఒక పూటలో ఒక ముసలిది తేల్చేసింది. రెండో అట్టు అడిగాడు. నీలిమ వేసింది. బయట వాన తెరిపిచ్చింది.

స్టవ్ ఆపి, నీలిమ చేతులు తుడుచుకుని మా ఎదురుగా కూచుంది. వాడు వచ్చాక అది కూచోవడం అదే మొదలు.

"అత్తయ్యా, సోమవారం సొలిసిటర్ అడుగుతుంది. పింఛను ఎక్కడిదక్కడే ఉందా అని. ఏం చెప్పను?"

"ఒట్టేసేడని సెప్పు."

"ఆవిడకి ఒట్టంటే ఏం తెలుస్తుంది?"

"వివరంగా సెప్పు. తల్లి నెత్తి మీద సెయ్యి పెట్టి అన్న మాట. అది తప్పితే తల్లికి..."

ఆగాను.

"తల్లికి?" అంది నీలిమ.

"తల్లికి ముప్పు."

"అంటే ఒక నెల ఆయన పంపకపోతే మీకేదో అవుతుంది. అదే కదా? అందుకని ఆయన భయపడి పంపుతారు."

"అంతే."

"నాను పంపుతానంటే పంపుతాను," అన్నాడు గోపాలం. "నువ్వు దాన్ని సాగదీయకు."

"సాగదీయడం లేదు. మీ మాట మీద నాకు నమ్మకం లేక కాదు. మీరు ఒట్టు తప్పరు. నాకు తెలుసు." నీలిమ గొంతు పెంచలేదు. బల్ల మీద పడిన పచ్చడి చుక్క వేలితో తుడిచింది. "నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఒక్కటే. పింఛనేమో మీరున్నంతకాలం వస్తుంది. ఒట్టు ఎంతకాలం ఉంటుంది?"

వాడికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"అత్తయ్య మీద ఒట్టు," అంది నీలిమ. "అత్తయ్య ఉన్నంతకాలమే కదా? ఆ తర్వాత ఆయన ఎవరికి ముప్పొస్తుందని భయపడాలి?"

వాడి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఏటా మాట? అమ్మకేటైంది? గట్టిగానే ఉంది."

"ఉన్నారు. ఉండాలి. సాహిత్య కాలేజీలో చేరాలి. చదువయ్యేదాకా ఈ ఇంట్లో ఉండాలి. అందుకే అడుగుతున్నాను." నా వైపు తిరిగింది. "తప్పుగా అనుకోకండి అత్తయ్యా. నాకిప్పుడు అడగడానికి ఇంకేం మిగల్లేదు."

తప్పుగా నేనేం అనుకోలేదు. ఒట్టు తీసేయనా? తీసేస్తే సగం పోతుంది. ఉంచనా? ఉంచితే నేను పోకూడదు. నా చేతిలో ఉన్న అంకెలు పోయాయి, ఇప్పుడు నేనే మిగిలాను.

"అమ్మకేం కాదు," అన్నాడు గోపాలం మళ్లీ. ఈసారి నీలిమతో అనలేదు. తనతో తను అనుకున్నట్టు అన్నాడు.

ఇద్దరూ ఒక్కసారే తలెత్తి నా వైపు చూశారు. నా మొహం చూశారు. బల్ల మీద వణుకుతున్న నా చేతుల్ని చూశారు. వాళ్లిద్దరూ కలిసి ఒకే వైపు చూసి ఎన్నాళ్లయిందో.

నేను చేతులు ఒళ్లోకి తీసుకుని, కుర్చీలో కొంచెం నిటారుగా కూచున్నాను.